రాలిన ఈకా? వచ్చిన జబ్బా?

తెల్లవారి చూసేసరికి పంజరం అడుగున కాగితం మీద పది పదిహేను ఈకలు పడివుంటే ఇల్లాలి గుండె గుభేలుమంటుంది. పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. ఇంటాయన మాత్రం పేపరులోనుంచి తల ఎత్తకుండానే, "ఈకలు మార్చుకుంటోంది లెద్దూ, అదే సర్దుకుంటుంది" అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో రాలిన ఈకలను చూసి తేల్చలేము. ఈక ఊడిన చోటు చూడాలి. పిట్టను చూడాలి.

ముందొక మాట. ఇక్కడ చెప్పబోయేది మన రామచిలుకను గురించి కాదు. దానిని పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద నేరం. దుకాణాలలో 'లవ్ బర్డ్స్' అని అమ్మే పచ్చ, నీలి, పసుపు రంగుల చిన్న పిట్టలున్నాయే, పేరుకు లవ్ బర్డ్సేగాని అవి నిజానికి బడ్జరిగార్లు అనే ఆస్ట్రేలియా చిలుకలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వాటిని ప్రాణాలతో ఇంగ్లండు చేర్చాడు. ఆ తరువాత అవి ఎక్కని పంజరం లేదు. మన ఇళ్ళలోనూ ఎక్కువగా ఉన్నవి ఇవే కనుక వీటి సంగతే చెప్పుకుందాం.

పాము కుబుసం విడిచినట్లు పక్షి ఒక్కమారుగా ఈకలన్నీ వదిలిపెట్టదు. అలా వదిలితే ఎగరడమెలా? కుడి రెక్కలో ఒక పెద్ద ఈక ఊడితే, కాస్త అటూ యిటూగా ఎడమ రెక్కలో దాని జోడు ఊడుతుంది. ఆ ఖాళీలో కొద్ది రోజులకే క్రొత్త మొలక తలెత్తుతుంది. సన్నని తెల్లని గొట్టంలో చుట్టుకొని అచ్చం ముల్లులా ఉంటుందది. గొట్టం పొడిపొడిగా రాలిపోగా లోపలి ఈక విచ్చుకుంటుంది. పంజరం చుట్టూ చుండ్రులా కనిపించే తెల్లని పొడి ఇదే, దానికి భయపడనక్కరలేదు. తలమీది ముళ్ళు తన ముక్కుకు అందవు గనుక, జత ఉంటే జతపిట్ట గీకిపెడుతుంది, లేకపోతే పాపం కర్రకు రుద్దుకుంటుంది. ఈ రోజులలో పిట్ట కొంచెం చిరాకుగా ఉంటుంది. కూతలు తగ్గించి కునుకు తీస్తుంది. కాని తిండి మానదు. ఎక్కడా బోడి చర్మం బయటపడదు. మూడు నాలుగు నెలల పిల్లలో మొదటిసారి ఈకలు మారేటప్పుడు నుదుటిమీది నల్లచారలు వెనక్కు తగ్గుతాయి. అది ఎదుగుదలే.

చర్మం కనిపించిందా, ఆలోచించవలసిందే. రొమ్ము బోడిగా ఉండి తలమీది ఈకలు నిండుగా ఉంటే, తన ఈకలు తానే పీక్కుంటున్నదన్నమాట. దురద కావచ్చు, లోపలి నొప్పి కావచ్చు, ఒంటరితనం కావచ్చు. తలే బోడి అయితే ఆ పని తనది కాదు. జతపిట్టనో, చర్మవ్యాధినో అనుమానించాలి. ముక్కు మొదట, కళ్ళ చుట్టూ, కాళ్ళమీద సున్నం అంటినట్లు గరుకుగా పొలుసు కడితే అది కంటికానని పురుగు పని, మందుకు లొంగుతుంది. వచ్చే ఈకలు వంకరగా, నొక్కినట్లుగా, గొట్టంలో నెత్తురు గడ్డకట్టి వస్తున్నా, పిల్లలకు రెక్క ఈకలూ తోక ఈకలూ వచ్చినవి వచ్చినట్లే ఊడుతున్నా వైరసు జబ్బు కావచ్చు. ఆ పిట్టను వెంటనే మిగతా వాటినుంచి వేరుచేయండి.

అసలు చిక్కు మరొకటి ఉంది. పక్షులు జబ్బును దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనిపించిన పిట్టనే డేగ ముందు ఎంచుకుంటుంది. ఆ భయం పంజరంలోకి వచ్చినా వదలదు. కనుక జబ్బు మన కంటబడే నాటికే అది ముదిరివుంటుంది. ఈకలే కదా అని రెండు రోజులు ఊరుకుంటే పిట్ట దక్కకపోవచ్చు. రోజంతా దూదిబంతిలా ఉబ్బి కూర్చోవడం, పంజరం అడుగుకు దిగిపోవడం, ఊపిరి తీసినప్పుడల్లా తోక ఎగసిపడడం, రెట్ట నీళ్ళగానో, తిన్న గింజ తిన్నట్లుగానో పడడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ఈకల మార్పు కాదు.

అన్నిటికంటె నమ్మదగిన సాక్షి త్రాసు. బడ్జరిగారు సాధారణంగా 30 నుంచి 40 గ్రాములు తూగుతుంది. ఒక గ్రాము తేడా చూపే వంటింటి త్రాసుమీద చిన్న డబ్బాలో పెట్టి వారానికొకసారి తూచి క్యాలెండరు మీద వ్రాసిపెట్టండి. 36 గ్రాములుండేది 32కు దిగితే, ఒక్క ఈక రాలకపోయినా డాక్టరుకు చూపించాలి. గింజల పళ్ళెం నిండుగా ఉందని మోసపోకండి. పైన ఉన్నవి ఒట్టి పొట్టు కావచ్చు, ఊది చూడండి.

ఈకలో నూటికి సుమారు 90 పాళ్ళు మాంసకృత్తులే. ఒట్టి కొర్రలతో అంత సరుకు ఎక్కడినుంచి వస్తుంది? ఈకలు మార్చే రోజులలో ఉడికించిన గుడ్డు చిటికెడు నలిపి పెట్టండి. గుడ్డు ముట్టని ఇళ్ళలో మొలకెత్తిన పెసలు పెట్టవచ్చు. కొత్తిమీర, కారెట్టు తురుము, సున్నపు సత్తువకు సముద్రపు నురుగు ముక్క, స్నానానికి వెడల్పాటి మూకుడులో నీళ్ళు. నిద్ర కూడా తిండి వంటిదే. రాత్రి పదకొండింటిదాకా టెలివిజను ముందు పంజరం పెట్టి పొద్దున పిట్ట చిరాకుగా ఉందనడం న్యాయం కాదు.

జబ్బని తోస్తే ఇంట్లో మిగిలిన మనుష్యుల మాత్రలు నీళ్ళలో కలిపి పోయవద్దు. గాలి విసురు తగలకుండా వెచ్చగా ఉంచి పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. పంజరం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలి. చిలుకలనుంచి మనుష్యులకు సోకే సిట్టకోసిస్ అనే జ్వరం ఒకటున్నది. పిట్ట నలతగా ఉన్న రోజులలో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే, ఇంట్లో చిలుక ఉన్నదని మీ డాక్టరుకు చెప్పడం మరవకండి. ఇక పశువైద్యుని దగ్గరకు వెళ్ళేటప్పుడు, మర్యాదకోసమని పంజరం కడిగి తీసుకువెళ్ళవద్దు. అడుగున ఉన్న కాగితం ఆ రెట్టతో, ఆ ఈకలతో అలాగే వెంట ఉండనివ్వండి. డాక్టరు చూడవలసినవాటిలో అదీ ఒకటి.