నాలుగు పరుగుల దూరం

2023-24 రంజీ ట్రోఫీలో దేశం మొత్తమ్మీద అందరికంటే ఎక్కువ పరుగులు చేసింది ఎవరో చెప్పండి చూద్దాం. ఫోన్ తీయకూడదు.

కప్పు ముంబయి గెలిచింది కాబట్టి ఆ జట్టువాడే అయి ఉంటాడని మీలో చాలామంది అనుకుంటారు. కాదు. మన ఆంధ్రా కెప్టెన్ రికీ భుయ్. 902 పరుగులు, నాలుగు సెంచరీలు. పేరు వినగానే బెంగాలీ కదా అంటారు. పుట్టింది భోపాల్‌లో, ఆట నేర్చుకుంది విశాఖపట్నంలో. నెల్లూరులో ఇదే ప్రశ్న ఓ పది మందిని అడిగాను. సరిగ్గా చెప్పింది ఒకే ఒక్కరు, ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మిగిలిన తొమ్మిది మందీ క్రికెట్ పిచ్చివాళ్లే. చెన్నై జట్టులో పన్నెండో ఆటగాడి పేరు నిద్రలో లేపి అడిగినా చెప్తారు.

తప్పు వాళ్లదని అనను. చెన్నై మాకు 180 కిలోమీటర్లు లేదు. విశాఖ 600 పైమాటే. ఏప్రిల్లో నెల్లూరు స్టేషన్లో పసుపు చొక్కాలు కనిపిస్తే ఏదో పార్టీ మహానాడు అనుకోకండి, చేపాక్‌కి పోయేవాళ్లు. కానీ మనకంటూ ఒక జట్టుంది. అది 1953-54 సీజన్లో రంజీలో అడుగుపెట్టింది. సి.కె.నాయుడు అంతటివాడు 58 ఏళ్ల వయసులో దానికి కెప్టెన్సీ చేశాడు. అప్పటినుంచి డెబ్బై ఏళ్లలో ఒక్కసారి కూడా సెమీఫైనల్ ముఖం చూడలేదు. 2024 ఫిబ్రవరిలో చూసేదే. నాలుగు పరుగుల దూరంలో ఆగిపోయింది.

ఆ సీజన్ ఎలా సాగిందో కాస్త చెప్పుకుందాం, ఎందుకంటే పేపర్లలో అది లోపలి పేజీల్లో రెండంగుళాల వార్త.

జనవరి 5న విశాఖలో బెంగాల్‌తో మొదలైంది. వాళ్లు 409 కొట్టారు. భుయ్ 175 చేసి మనవాళ్లను 445 దాకా లాక్కొచ్చాడు. మ్యాచ్ డ్రా, మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి మూడు పాయింట్లు. రెండో మ్యాచ్ ముంబయిలో, పది వికెట్ల తేడాతో చిత్తు. అక్కడ చాలా సీజన్లు మన జట్టు చాప చుట్టేసేది. ఈసారి చుట్టలేదు. అస్సాం వెళ్లి గెలిచారు. ఛత్తీస్‌గఢ్ మీద గెలిచారు, అందులో హనుమ విహారి 183. బీహార్‌ను ఇన్నింగ్స్ తేడాతో ఓడించి బోనస్ పాయింటు కూడా పట్టుకొచ్చారు. ఉత్తరప్రదేశ్‌తో డ్రా, కానీ ఆధిక్యం మనదే. ఆఖరి లీగ్ మ్యాచ్ విజయనగరంలో కేరళతో. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన మ్యాచ్. మన 272కి కేరళ 514 కొట్టి డిక్లేర్ చేసింది. నాలుగో రోజు సాయంత్రానికి మనం 9 వికెట్లకు 189. ఇంకా 53 వెనకబడే ఉన్నాం. ఒక్క బంతి తప్పితే ఇన్నింగ్స్ ఓటమి. ఆఖరి జంట కదల్లేదు. ఒక్క పాయింటు వచ్చింది. ఆ ఒక్క పాయింటుతో మొత్తం 26. ముంబయి తర్వాత గ్రూపులో రెండో స్థానం.

స్కోరు బోర్డు చూడనివాళ్లకు ఇదంతా లెక్కల పుస్తకంలా ఉంటుందని తెలుసు. నాలుగు రోజుల ఆటలో ఉండే మజా ఆ 189/9లోనే ఉంది. గెలుపు లేదు, సిక్సర్లు లేవు, అయినా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి.

క్వార్టర్‌ఫైనల్ ఇండోర్‌లో, మధ్యప్రదేశ్‌తో. అదే మైదానం, అదే ప్రత్యర్థి, వరసగా రెండో ఏడాది. మొదటి ఏడాది కథ కొందరికైనా గుర్తుండాలి. 2023లో అవేశ్ ఖాన్ బంతి తగిలి విహారి ఎడమ చేతి ఎముక విరిగింది. తొమ్మిదో వికెట్ పడ్డాక అతను మళ్లీ వచ్చాడు. కుడిచేతి వాటం మనిషి ఎడమచేతి వాటానికి తిరిగి నిలబడి, ఒంటిచేత్తో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే దిగాడు. మొదటి ఇన్నింగ్స్‌లో 151 పరుగుల ఆధిక్యం సంపాదించిన జట్టు, రెండోదాంట్లో 93కే కుప్పకూలింది. మధ్యప్రదేశ్ అయిదు వికెట్లతో గెలిచింది.

కాబట్టి 2024 ఫిబ్రవరి 23న మళ్లీ అదే ఇండోర్‌లో దిగినప్పుడు లెక్క సరిచేసుకోవాల్సిన పని ఉంది. మధ్యప్రదేశ్ 234, మనం 172. ఇక అయిపోయింది అనుకున్నాను. రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు వాళ్లను 107కే చుట్టేశారు. నితీశ్ కుమార్ రెడ్డి నాలుగు వికెట్లు తీశాడు, అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. గెలవాలంటే 170. మూడో రోజు ఆట ముగిసేసరికి 4 వికెట్లకు 95. క్రీజులో విహారి. ఇంకా 75 కావాలి, చేతిలో ఆరు వికెట్లు.

ఫిబ్రవరి 26, సోమవారం. పొద్దున తొమ్మిదిన్నరకి నేను కోవూరులో ఒక టీకొట్టు బెంచీ మీద ఉన్నాను. ఫోన్లో స్కోరు చూస్తున్నాను. టీకొట్టతను అడిగాడు.

"ఏందన్నా, టీ ఆరిపోతా ఉంది. ఫోన్లో తలకాయ పెట్టి కూర్చోనుండావు?"

"మ్యాచ్ రా. డెబ్బై అయిదు కొడితే సెమీస్ మనం."

"యా మ్యాచ్? ఐపీఎల్ ఇంకా మొదలు కాలే గదా?"

"రంజీ. ఆంధ్రా ఆడతా ఉంది."

అతను గ్లాసులు కడగడం ఆపి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆంధ్రాకి టీముండాదా?"

ఉందని చెప్పాను. అందులో నెల్లూరులో పుట్టినవాడు కూడా ఉన్నాడని చెప్పాను. అశ్విన్ హెబ్బర్. ఇంటిపేరు చూసి కన్నడంవాడు అనుకుంటారు గానీ పుట్టింది మన నెల్లూరే. "మనూరోడా?" అని అతను గబగబా చేతులు తుడుచుకుని వచ్చి ఫోన్లోకి తొంగి చూశాడు. ఆ తర్వాత గంటన్నర మేమిద్దరం కలిసి ఓడిపోయాం. విహారి 55కి వెళ్లిపోయాడు. అనుభవ్ అగర్వాల్ అనే మీడియం పేసర్ ఆరు వికెట్లు తీశాడు. తోకవాళ్లు ఒక్కొక్క పరుగూ చిల్లర ఏరుకున్నట్టు ఏరుకుంటూ పోయారు. 165 దగ్గర ఆఖరి వికెట్ పడింది. ఒక్క ఫోరు కొట్టుంటే టై, ఇంకో పరుగుతో గెలుపు.

టీకొట్టతను ఏమీ అనలేదు. టీ డబ్బులు మాత్రం తీసుకోలేదు.

ఆ రాత్రికి టీవీల్లో ఆంధ్రా రంజీ జట్టు గురించే చర్చ. నేను చూసినంతలో ఆ సీజన్లో అదే మొదటిసారి. అదీ ఆట గురించి కాదు. మొదటి మ్యాచ్ తర్వాత తను కెప్టెన్సీ ఎందుకు వదిలిందీ విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో రాశాడు. జట్టులో ఒక కుర్రాణ్ని కేకలేస్తే, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో తనను తప్పుకోమన్నారని, ఇక ఆంధ్రాకి ఆడనని అన్నాడు. ఆ కుర్రాడు అదంతా అబద్ధమన్నాడు. అసోసియేషన్ విచారణ చేస్తామంది. ఎవరిది నిజమో తేల్చడానికి నేను డ్రెస్సింగ్ రూములో లేను. నాకు బాధ కలిగించింది వేరే విషయం. 902 పరుగులకు రాని కెమెరాలు, 189/9కి రాని కెమెరాలు, పార్టీ వాసన తగలగానే పరుగెత్తుకొచ్చాయి. తెల్లారేసరికి ఎన్నికలకు ముందు అందరికీ దొరికిన ఇంకో రాయి అయిపోయింది ఆ జట్టు. జూన్లో ప్రభుత్వం మారాక విహారి మళ్లీ ఆంధ్రాకే ఆడతానన్నాడు. సంతోషం. కానీ ఒక బ్యాట్స్‌మన్ తన జట్టుకు ఆడడం, మానడం ఎన్నికల ఫలితాలతో పాటు మారడమేమిటో నాకిప్పటికీ మింగుడుపడదు.

నితీశ్ సంగతి చూడండి. ఫిబ్రవరిలో నాలుగు వికెట్లు తీసి జట్టును మళ్లీ మ్యాచ్‌లోకి తెచ్చినప్పుడు ఎవరికీ పట్టలేదు. ఏప్రిల్ 9న హైదరాబాద్ చొక్కా వేసుకుని పంజాబ్ మీద 37 బంతుల్లో 64 కొట్టాడు. మర్నాడు అదే టీకొట్టులో ఒకటే గోల, తెలుగోడు, మనోడు అని. అదే మనిషి. అవే చేతులు. నలభై రోజులు తేడా.

ఈ గొడవంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా చిన్నమ్మ మనవడు ఐర్లాండులో ఉద్యోగం చేస్తున్నాడు. 2024 జులై 21న డబ్లిన్ క్రోక్ పార్క్ నుంచి వీడియో పంపాడు. హర్లింగ్ అని వాళ్ల పాత ఆట. బల్లపరుపు మొన ఉన్న కర్రతో చిన్న తోలు బంతిని కొడతారు. గోలు కింద వలలోకి పోతే మూడు పాయింట్లు, పైన స్తంభాల మధ్యలోంచి పోతే ఒకటి. జట్టుకు పదిహేను మంది. మన జిల్లాల్లాంటి కౌంటీల మధ్య ప్రతి ఏటా ఛాంపియన్‌షిప్. ఆ ఏడాది ఫైనల్లో క్లేర్, కార్క్. అదనపు సమయం దాకా పోయి క్లేర్ ఒకే ఒక్క పాయింటుతో గెలిచింది. చూసినవాళ్లు 82 వేల మంది.

క్లేర్ జనాభా లక్షా పాతిక వేలకు కాస్త పైన. మా నెల్లూరు టౌనులో నాలుగో వంతు. ఆడేవాళ్లకు జీతం లేదు, మ్యాచ్ ఫీజు లేదు. కప్పు అందుకున్న క్లేర్ కెప్టెన్ టోనీ కెల్లీ స్కూల్లో పాఠాలు చెప్పుకునే పంతులు. వేలంపాటలు లేవు. కుర్రాడు తన ఊరి క్లబ్బులో ఆడతాడు, ఆ ఊరున్న కౌంటీకి ఆడతాడు, అంతే. మనవాళ్లకు రంజీలో అనుభవాన్ని బట్టి రోజుకు 40 వేల నుంచి 60 వేల దాకా ఇస్తున్నారు. ఇవ్వాలి కూడా. డబ్బు లేకుండా ఆడితేనే ఊరి మీద ప్రేమ అని నేననను, ఆ మాట అనేది ఎప్పుడూ కడుపు నిండినవాళ్లే. నన్ను ఆపింది ఆ 82 వేలు. వాళ్లలో ఎవరికీ "క్లేర్‌కి టీముందా" అనే అనుమానం లేదు.

మనకు ఆ అభిమానమే లేదంటారా? ఉంది. సంక్రాంతికి అల్లూరు, విడవలూరు, మైపాడు వైపు వెళ్లి చూడండి. టెన్నిస్ బంతి టోర్నమెంట్లు, షామియానా, మైకు, వందల జనం. ఫలానా ఊరి జట్టు బయటి ప్లేయర్ను దించిందని పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పంచాయితీ. ఆధార్ కార్డు చూపించమంటారు. అత్తగారి ఊరు ఇదే కాబట్టి ఆడొచ్చని ఒకడు వాదిస్తాడు. ఊరి పేరు మీద ఆడేవాడు ఊరివాడే కావాలన్న పట్టుదల ఐర్లాండు వాళ్లకు మాత్రమే ఉందనుకోకండి. మన దగ్గర అది మండలం దాటి ఎదగలేదు. మండలం నుంచి ఎగిరి నేరుగా ఐపీఎల్లో పడుతోంది. మధ్యలో ఉండాల్సిన మెట్టు, అంటే జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, ఖాళీగా ఉంది.

అది ఖాళీ కావడానికి కారణాలు లేకపోలేదు. మ్యాచ్‌లు పనిరోజుల్లో పెడతారు. లైవ్ అన్నిటికీ రాదు. విశాఖ, విజయనగరం తప్ప మ్యాచ్ ఎక్కడైనా జరుగుతుందన్న సంగతి దక్షిణాన ఉన్న మాకు తెలియనే తెలియదు. జిల్లా స్కోర్లు పేపర్లో వేయడం ఎప్పుడో తగ్గిపోయింది. నా చిన్నప్పుడు నెల్లూరు జిల్లా జట్టు ఎంపిక జాబితా జిల్లా ఎడిషన్లో పదిహేను పేర్లతో వస్తే, ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుని తిరిగినవాళ్లను చూశాను. ఇప్పుడు అసోసియేషన్ వాళ్లు పెద్ద ఖర్చు పెట్టక్కర్లేదు. రంజీ జట్టును ఏడాదికి ఒక్కసారి నెల్లూరుకో ఒంగోలుకో కడపకో తీసుకొచ్చి, బళ్లకు సెలవిచ్చి పిల్లల్ని గట్టు మీద కూర్చోబెడితే చాలు. 175 కొట్టిన మనిషిని పదడుగుల దూరం నుంచి చూసిన పిల్లాడు మళ్లీ ఆ ప్రశ్న అడగడు.

2024-25 సీజన్ అక్టోబరు 11న మొదలైంది. ఆసారి రెండు విడతలుగా ఆడించారు, మధ్యలో పొట్టి ఓవర్ల టోర్నీలు. కోవూరు టీకొట్టతను విజయనగరంలో మ్యాచ్ పడితే వస్తానన్నాడు, కొట్టు బావమరిదికి అప్పజెప్తాడట. రాత్రి బండెక్కితే మర్నాటికి దిగొచ్చు, లోపలికి పోవడానికి టికెట్టు అక్కర్లేదు. ఇంకెవరైనా వస్తానంటే ఇప్పుడే చెప్పండి, దసరా రద్దీలో బెర్తులు దొరకవు.