బుడమేరు గట్టుమీది మందిరము



బెజవాడలో బంధువులు లేని ఇల్లు మన పల్లెల్లో అరుదు. కూతురిని అక్కడ ఇచ్చినవారున్నారు, కొడుకు అక్కడ ఆటో తోలుకుంటున్నవారున్నారు, తాపీపనికి వెళ్ళి అక్కడే నిలిచిపోయినవారున్నారు. వారిలో చాలామంది అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట వైపే ఉంటారు. అద్దె తక్కువ, స్థలము చవక. ఎందుకు చవక అని మనము అడుగలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చి జవాబు చెప్పింది.

బుడమేరు మహానది కాదు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, బెజవాడ మీదుగా సాగి కొల్లేటిలో కలిసే వాగు. ఎండాకాలములో చూస్తే మురుగుకాలువ అనుకొని ముక్కు మూసుకొని దాటిపోతాము. అది నగరము మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడినుండి డైవర్షన్ కాలువ తవ్వి, ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలిపారు. 2015లో పట్టిసీమ మొదలైన తరువాత గోదావరి నీళ్ళకు కూడా అదే దారి అయినది. అయితే కృష్ణ నిండుగా పారుతున్నప్పుడు ఆ కాలువ నీటిని లోనికి రానివ్వదు. ఆ సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. ఎగువన కొండల నీరు ఆగలేదు, దిగువన కృష్ణ తీసుకొనలేదు. కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడినవి, వెలగలేరు గేట్లు ఎత్తారు. గండ్లు పూడ్చడానికి సైన్యము రావలసి వచ్చింది. మూడవది పూడ్చేసరికి 7వ తేదీ. ఈలోగా వాగు తన పాత దారిని వెదుక్కుంటూ వచ్చింది. ఆ దారిలో ఇళ్ళున్నవి.

మా సంఘాలవారు ఇచ్చిన బియ్యము, దుప్పట్లు తీసుకొని మేము వెళ్ళినప్పటికి నడుములోతు నీళ్ళున్నవి. డాబా మీదినుండి ఒక తల్లి బకెట్టుకు తాడు కట్టి దించి పాలపొడి అడిగింది. చుట్టూ నీరే, బిడ్డకు పాలు కలపడానికి మాత్రము గుక్కెడు మంచినీళ్ళు లేవు. నీరు తీసిన తరువాత ప్రభుత్వము క్రింది అంతస్తు వారికి 25 వేలు, పై అంతస్తు వారికి 10 వేలు ప్రకటించింది. గత ప్రభుత్వము కాలువ పనులు వదిలేసిందని ఒక పక్షము, గేట్లు ఎత్తేముందు జనానికి సరిగా చెప్పలేదని మరొక పక్షము అన్నవి. వారిలో ఎవరిది ఎంత తప్పో తేల్చడము ఈ శీర్షిక పని కాదు. 2005లో కూడా ఇదే వాగు ముంచింది. ఈ మధ్యలో రెండు పక్షాలకూ మనము ఓట్లు వేశాము.

మా పని వేరే ఉన్నది. ఆ పేటలో మన పల్లెలనుండి వెళ్ళినవారితో ఏర్పడిన సంఘమొకటి ఉన్నది. గట్టును ఆనుకొని రెండు సెంట్ల స్థలము, రేకుల మందిరము. కూలి డబ్బులు కూడబెట్టి కొన్న స్థలమే, కాని చేతిలో ఉన్నది నోటరీ కాగితము ఒక్కటే. వాగు పోరంబోకు అని ఒక పెద్దాయన మొదటే అన్నాడట. ఇంతలో మునిసిపల్ ఎన్నికలు వచ్చినవి. ఒక అభ్యర్థి కరెంటు మీటరు వేయించాడు, బోరు వేయించాడు, గెలిస్తే పట్టా ఇప్పిస్తానన్నాడు. ప్రతిష్ఠనాడు ఆయనకు శాలువా కప్పి వేదికమీద కూర్చోబెట్టారు. ఆ దినము వాక్యము చెప్పినది మేమే. కాగితము చూపించండి అని మేము అడుగలేదు. భోజనము మాత్రము బాగున్నది.

మత్తయి 7వ అధ్యాయములోని రెండు ఇళ్ళ ఉపమానము మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. ఇసుకమీద కట్టినవాడు బుద్ధిహీనుడు అన్నాము. ఆ ఇసుకను అతనికి గజాల లెక్కన అమ్మినవాడెవడు, ఇంటి పన్ను రశీదు ఇచ్చినవాడెవడు అన్నది మా ప్రసంగములో ఎప్పుడూ రాలేదు. ద్వితీయోపదేశకాండము 22:8 అయితే ఇంకా సూటిగా ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టుకునేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడినవాని రక్తము ఆ ఇంటిమీద ఉంటుంది. ఇల్లు కట్టడములో కూడా దేవునికి లెక్క చెప్పాలని మనకు ధర్మశాస్త్రమే నేర్పింది.

వరద తరువాత మరొక పక్షము నాయకుడు వచ్చి, అదే చోట శ్లాబు వేయిస్తానన్నాడు. పెద్దలు మమ్మల్ని పిలిచారు. వద్దు, స్థలము వదిలేద్దాము అనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఇళ్ళలో పనిచేసుకునే ఒక వృద్ధురాలు లేచి, “అయ్యగారూ, మా ఇల్లు కూడా గట్టుమీదే ఉంది గదా. మీరే మందిరం తీసేస్తే రేపు మా గుడిసెలు తియ్యమనడానికి వాళ్ళకు అడ్డేముంది?” అన్నది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆమె అన్నది నిజము. ఆక్రమణల మాట ఎత్తితే ముందుగా పొక్లెయిను వచ్చేది గుడిసె దగ్గరికే. పల్లపు పొలములో లారీలతో మెరక తోలించి లేఅవుటు వేసి అమ్మినవాడు ఆ సరికి ఇంకొక చోట బోర్డు పెట్టి ఉంటాడు.

పల్లెలో ఉన్న మనము చేతులు కడుక్కోవడానికి లేదు. బుడమేరు చేరవలసిన కొల్లేరు చుట్టూ చేపల చెరువుల గట్లు ఎవరివి? అయిదవ కాంటూరు వరకు 1999లో అభయారణ్యమన్నారు, 2006లో గట్లు కొట్టారు, మళ్ళీ కట్టుకున్నాము. ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోవలసిన నీరు దారి దొరకక నిలబడితే, ఎగువనున్న చెల్లెలి ఇంట్లో నీరు తొందరగా తీయదు. చెరువు లీజు డబ్బులోనుండి దశమభాగము తెచ్చిన సోదరులను కూడా మేము ఈ సంగతి అడుగలేదు.

పొలము అమ్మి పట్టణములో స్థలము కొనబోయే కుటుంబాలకు ఒక మాట. నోటరీ కాగితము హక్కుపత్రము కాదు. రిజిస్ట్రేషను ఆఫీసులో ఈసీ తీయించండి. సర్వే నంబరు పట్టుకొని ఎఫ్.ఎం.బి. నకలు చూపించుకోండి, వాగు, కుంట, డొంక ఏది ఉన్నా అందులో గీత కనబడుతుంది. అన్నిటికంటె ముందు ఆ వీధిలో ముసలివారిని అడగండి, 2005లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినవని. బ్రోకరు చెప్పడు, వారు చెబుతారు.

ఆ సంఘము మూడు కూటాలు పెట్టి మాట్లాడుకున్నది. శ్లాబు వద్దన్నారు. మందిరము గట్టుమీదినుండి తీస్తామనీ, అయితే గట్టుమీది కుటుంబాలకు దగ్గరలోనే మెరక స్థలములో ఇళ్ళు చూపించిన తరువాతే ఎవరినైనా కదిలించాలనీ, సర్వే పెద్ద లేఅవుటులనుండి మొదలు పెట్టాలనీ కలెక్టరు గారికి అర్జీ వ్రాశారు. ఏ నాయకుని ద్వారానూ పంపలేదు, తామే వెళ్ళి ఇచ్చారు. ఇది నచ్చక మూడు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయినవి. శ్లాబు మాట ఇచ్చిన నాయకుడు మళ్ళీ అటు రాలేదు. ఆరాధన ఒక వెల్డింగు షాపు వెనుక అద్దె షెడ్డులో జరుగుతున్నది. పాత మందిరము గోడకు నీటి గీత అలాగే ఉన్నది, సున్నము వేయలేదు. అర్జీ ఇచ్చిన రశీదును సంఘపెద్ద తన బైబిలులో పెట్టుకొని తిరుగుతున్నాడు. క్రిందటిసారి మేము వెళ్ళినప్పుడు ఆ వృద్ధురాలు, “ఏమైనా జవాబు వచ్చిందా అయ్యగారూ?” అని అడిగింది. ఇంకా రాలేదమ్మా అన్నాము.