కోట్ల అంగడికి పునాది ఎక్కడుంది?

పట్నం పెరుగుతున్నది, దుబాయికి, సింగపూరుకి తీసిపోని అంగళ్ళు ఇక్కడా రావాలి అని వ్యాపార పుటల వాళ్ళు రాస్తున్నారు. ఢిల్లీలో, బెంగళూరులో 2008లోనే విలాస మాల్‌లు లేచాయి. ముంబయిలో 2023 నవంబరులో జియో వరల్డ్ ప్లాజా తెరిచారు. ఇక హైదరాబాదు అంత ఖరీదు సరుకును భరించగలదా లేదా అన్నది వాళ్ళ చర్చ. లక్షల రూపాయల చేతిసంచీ, గడియారం మనకెందుకు, అది డబ్బున్నోళ్ళ గొడవ అని మన సంఘాల్లో కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ కొట్లో బిల్లు కట్టే డబ్బు ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోతే, దారి మన పొలం గట్టు మీదికే వస్తుంది.

అసలు ఈ విలాసం హైదరాబాదుకి కొత్తదా? ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 184 కారట్లు దాటిన జేకబ్ వజ్రం కొన్నాడు. అతని కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా వాడుకున్నాడు. చివరికి 1995లో భారత ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్లిచ్చి కొన్నది. అంత సొత్తు ఎట్లా పోగయింది? ఆ రోజుల్లో పట్నం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా సర్ఫెఖాస్ కింద ఉండేది. అంటే అక్కడి రైతు కట్టిన శిస్తు నేరుగా నిజాం సొంత ఖజానాకి పోయేది. 1949లో గాని ఆ భూములు సర్కారులో కలవలేదు. కాబట్టి హైదరాబాదు విలాసాన్ని భరించగలదా అని అడిగేవాళ్ళకి చరిత్రలోనే జవాబుంది. భరించింది. ఎవరి వీపు మీద అన్నదే లెక్క.

ఇప్పటి సంగతి చూద్దాం. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబరులో రాయదుర్గంలో 177 కోట్లకు పోయింది. కోకాపేట లెక్కనే తీసుకుంటే గుంట భూమి రెండున్నర కోట్లు. 2025-26లో ఉపాధి హామీ కింద మనకు రాసిన రోజు కూలి 307 రూపాయలు. ఆ ఒక్క ఎకరం సొమ్ముతో ముప్ఫై రెండు వేల పైచిలుకు కుటుంబాలకు ఏడాదిలో నూరు రోజులు పని చూపించవచ్చు. ఆ నూరు రోజుల చట్టాన్నీ 2025 డిసెంబరులో తీసేసి, ఇంకో చట్టం తెచ్చి, ఖర్చులో నలభై శాతం రాష్ట్రాల నెత్తిన వేశారు. ఎకరానికి నూరు కోట్లు దొరికే దేశంలో కూలికి డబ్బుల్లేవట!

విలాస సరుకు కొనేది ఐటీ కంపెనీల్లో పనిచేసే పిల్లలని చాలామంది అనుకుంటారు. ఆ పిల్లలు ఫ్లాటుకి వాయిదాలు కట్టుకుంటున్నారు, బిడ్డల స్కూలు ఫీజులు కట్టుకుంటున్నారు. ఎప్పుడో ఒకసారి ముచ్చటపడి ఒక వస్తువు కొంటారేమో గాని, నెలనెలా కోట్ల అద్దె కట్టే మాల్‌ను వాళ్ళ జీతాలు నిలబెట్టవు. నిలబెట్టేది భూమి మీద లేచిన లాభం. ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2024 మార్చిలో వేసిన లెక్క ప్రకారం, 2022-23లో ఈ దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయి. నూటికి ఒక్కడి దగ్గర అంత పోగుపడితే రెండు మూడు విలాస అంగళ్ళు నడవకేం, నడుస్తాయి. అయితే అది నగరం బాగుపడిన గుర్తు కాదు. నగరం బాగుపడిందీ లేనిదీ తెలియాలంటే బేగంబజారులో, మోండా మార్కెట్టులో, వారం సంతలో బేరాలెట్లా ఉన్నాయో చూడాలి.

"వాళ్ళు ఖర్చు పెడితేనే గదా నలుగురికి పని దొరికేది" అని ఒక వాదన ఉంది. మనవాళ్ళలో కూడా కొందరు తలూపుతారు. సరే, పరిశీలిద్దాం. 2024లో ఇటలీలోని మిలాన్ కోర్టు ముందుకి డియోర్ సంచుల కేసు వచ్చింది. 2,600 యూరోలకు, అంటే అప్పటి ధరన మన డబ్బులో రెండు లక్షల ముప్ఫై వేలకు పైగా అమ్మే సంచీని కుట్టి ఇచ్చినందుకు కాంట్రాక్టరుకు ముట్టింది 53 యూరోలు, ఐదు వేల రూపాయల లోపు. తోలు వగైరా ఖర్చు వేరనుకోండి. అయినా ఎంత తేడా! ఆ వర్క్‌షాపుల్లో వలస కూలీలు అక్కడే పడుకుని, అక్కడే పనిచేస్తున్నట్టు తనిఖీల్లో బయటపడింది. ఆ సంచీ ధరకి మన కూలి మనిషి 307 చొప్పున ఏడువందల అరవై రోజులు పారపట్టాలి. ఏడాదికి నూరు రోజులు పని దొరికితే ఏడున్నరేళ్ళు. ఇక్కడి కొట్లో ఆ సంచీ అమ్ముడుపోతే డబ్బులో పెద్దవాటా సముద్రం దాటుతుంది. ఇక్కడ మిగిలేది గేటు దగ్గర కాపలా ఉద్యోగం, నేల తుడిచే ఉద్యోగం, అవీ కాంట్రాక్టు కింద. అదే డబ్బు పెట్టి గద్వాల చీరో, నారాయణపేట చీరో కొంటే మగ్గం గుంట దాకా ఎంతో కొంత చేరుతుంది. మధ్యలో షావుకారు మింగేది మింగుతాడు, అది వేరే పోరాటం.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్ ప్రదర్శనలో అచ్చం కొల్హాపూరు చెప్పులే మగవాళ్ళ కాళ్ళకు తొడిగి నడిపించింది. ఆ చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు ఉంది. మొదట కొల్హాపూరు పేరైనా చెప్పలేదు, గోల లేచాక ఒప్పుకున్నది. తరతరాలుగా తోలు శుద్ధి చేసి, చెప్పు కుట్టి, అదే పని చేసినందుకు అంటరానివాళ్ళమని అనిపించుకున్న వాళ్ళ చేతిపని అది. చెప్పు అదే, పేరు మారితే ధర వందల రెట్లు.

కష్టజీవులకు మంచి వస్తువు మీద ఆశ ఉండగూడదని నేననడంలేదు. మన ఆడబిడ్డకి బతుకమ్మ పండక్కి పట్టుచీర కట్టుకోవాలని ఎందుకుండదు? గొడవ వస్తువుతో కాదు, లెక్కతో. 1985లో వారసత్వపు ఆస్తి మీద పన్ను తీసేశారు. 2015 బడ్జెట్టులో సంపద పన్ను ఎత్తేసి, కోటి దాటిన ఆదాయాల మీద రెండు శాతం అదనంతో సరిపెట్టారు. 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా ఒప్పందంతో స్విస్ గడియారాల మీది దిగుమతి సుంకం ఏడేళ్ళలో పూర్తిగా పోతుంది. మన ఎరువు కట్టకో, కూలికో వచ్చేసరికి మాత్రం ఖజానా ఖాళీ.

పోనీ ఈ భవంతి గట్టిదా అంటే, చైనా వైపు చూడండి. అక్కడ కూడా నగరాలు లేచాయి, భూమి ధర లేచింది, దానితోపాటు విలాస కొట్లు లేచాయి. 2021లో ఎవర్‌గ్రాండ్ అనే ఇళ్ళ కంపెనీ అప్పులు కట్టలేక చేతులెత్తేసింది. ఇళ్ళ ధరలు పడ్డాయి. 2024 నాటికి విలాస సరుకు అమ్మకాలు పడిపోయి, ఐరోపా కంపెనీలు లబోదిబోమన్నాయి. ఇక్కడా భూమి ధర కుంటుపడిన రోజున కొట్టు మూసి పోతారు. వెంచరు కింద పోయిన పొలం మాత్రం మళ్ళీ పొలం కాదు.

ఆ పొలంలో కైకిలి చేసిన వాళ్ళ మాట ఏ వేలం కాగితంలోనూ ఉండదు. శంకరపల్లి, చేవెళ్ళ వైపు కూరగాయలు కోసిన ఆడోళ్ళు, కలుపు తీసినోళ్ళు ఇప్పుడు పొద్దున్నే అడ్డా మీద నిలబడుతున్నారు. పట్టాదారుకి ఎంతో కొంత ముట్టింది. వీళ్ళకి హద్దురాళ్ళు పాతిన రోజు కూలి తప్ప ఏమీ ముట్టలేదు. 2013 భూసేకరణ చట్టం అంతకుముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికిన కూలి కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగా లెక్కించింది. కానీ రియల్ ఎస్టేటు వాడు ముక్కలు ముక్కలుగా కొన్నప్పుడు ఆ చట్టం దరిదాపులకు రాదు. అందుకని ఊరూరా కూలి కుటుంబాల జాబితా మనమే రాసుకోవాలి. ఏ సర్వే నంబరులో ఎవరు ఎన్నేళ్ళు పనిచేశారు, ఆ భూమి ఎప్పుడు వెంచరయింది, తర్వాత వాళ్ళు ఎక్కడికి పోయారు అన్నీ ఉండాలి. భూమి వాడకం మార్చే ప్రతిసారీ ఆ లాభంలో ఒక వాటా ఈ కుటుంబాలకు ఇంటి జాగాగా, పనిగా రావాలన్న దరఖాస్తును ఆ జాబితాతో కలిపి గ్రామసభలో పెట్టి, తీర్మానం నకలు మండలాఫీసులో ఇచ్చి, రశీదు తీసుకోవాలి.