ఆకు ఒక్కటే చూస్తే చాలదు

ప్రిలిమ్స్ దగ్గరపడేసరికి మనందరి నోట్సులో 'వార్తల్లోని జాతులు' అనే పట్టిక తయారవుతుంది. ఒక గడిలో పేరు, పక్కన రాష్ట్రం, ఆ పక్కన ఐయూసీఎన్ హోదా. అంతే చాలని మీరూ అనుకుంటున్నారా? నా అభిప్రాయం వేరు. దగ్గరి చుట్టాలైన రెండు అడవి మొక్కలను ఏ ఆధారంతో వేరు చేశారో తెలియకపోతే, ఆ పట్టిక ఒక మార్కు తేవచ్చు. రేపు అధికారిగా ఫైలు మీద నిర్ణయం రాయాల్సి వస్తే మాత్రం ఆదుకోదు.

నేను చదువుకుంటున్న కోల్‌కతా నుంచే మొదటి ఉదాహరణ. 1890లో ఏర్పడిన భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థ (బీఎస్ఐ) ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. హుగ్లీ అవతలి ఒడ్డున, హావ్‌డాలోని శిబ్‌పుర్‌లో, 1787లో మొదలైన బొటానిక్ గార్డెన్ ఉంది. మన సామర్లకోటలో మొక్కలను అధ్యయనం చేసిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో బాధ్యతలు చేపట్టింది ఈ తోటలోనే. 2015లో ఇక్కడి రెండు చెట్ల ఆధారంగా శాస్త్రవేత్తలు 'సైకస్ పీఎస్‌చన్నే' అనే కొత్త జాతిని వర్ణించారు. ఆకును చూస్తే అది సైకస్ అని మాత్రమే తెలిసింది. కొత్త జాతి అని చెప్పింది మాత్రం అండాలను మోసే ఆకులాంటి భాగం ఆకారమే.

ఇదే ప్రజాతికి చెందిన మరో చెట్టు మన శేషాచలం కొండల్లో ఉంది. 1883లో వర్ణించిన సైకస్ బెడ్డోమి పొట్టిగా, ఈత చెట్టును తలపిస్తుంది. పశ్చిమ కనుమల్లోని సైకస్ సిర్సినాలిస్‌కు ఆకు పత్రకాలు వెడల్పుగా ఉంటే, దీనివి సన్నగా, అంచులు కిందికి చుట్టుకుని ఉంటాయి. అది బతికే చోటు ఎండిన, రాళ్లు తేలిన కొండవాలు. ఇక్కడ రూపం, ఆవాసం రెండూ కలిసి సాక్ష్యం చెబుతున్నాయి. ఆ సాక్ష్యం మీద చట్టం నిలబడి ఉంది. సైట్స్ ఒప్పందంలో సైకస్ బెడ్డోమి అనుబంధం-1లో ఉంది, మిగతా సైకస్ జాతులు అనుబంధం-2లో ఉన్నాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ రక్షణ పొందిన కొద్ది మొక్కల్లో ఇదొకటి. అంటే చెక్‌పోస్టు దగ్గర పట్టుబడిన మొక్క పేరు తప్పయితే, కేసు కూడా తప్పుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఎండలో పెరిగితే ఆకు చిన్నదవుతుంది, నీడలో పెద్దదవుతుంది. చోటు మారితే మారిపోయే రూపాన్ని నమ్మి జాతులు ఎలా విడదీస్తారు? దీనికి స్వీడన్ శాస్త్రవేత్త గోటె టురెసన్ దారి చూపాడు. వేర్వేరు ఆవాసాల నుంచి ఒకే జాతి మొక్కలు తెచ్చి ఒకే తోటలో పెంచాడు. ఒకే నేల, ఒకే నీరు ఇచ్చాక తేడా పోతే అది చోటు వేసిన వేషం. నిలిస్తే వారసత్వం. చాలా తేడాలు నిలిచాయి. అలాంటి రకాలకు 1922లో ఆయన పెట్టిన పేరే 'ఎకోటైప్'.

అయితే తేడా నిలిచినంత మాత్రాన వేరే జాతి అయిపోదు. అడవి వరినే తీసుకోండి. మన నివ్వరి సంస్కృతంలో నీవారం. ఆ మాటతోనే 1965లో ఎస్.డి. శర్మ, ఎస్.వి.ఎస్. శాస్త్రి 'ఒరైజా నివారా'ను వేరే జాతిగా వర్ణించారు. ఇది వేసవికి ఎండిపోయే గుంటల్లో పెరిగే ఏకవార్షికం. దీని చుట్టమైన ఒరైజా రూఫిపోగాన్ నీరు నిలిచే చోట ఏళ్ల తరబడి బతుకుతుంది. రెండూ సంకరమవుతాయి కనుక ఇవి ఒకే జాతిలోని రెండు ఎకోటైప్‌లని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఈ వాదన పండితుల గొడవే కదా అనుకోవద్దు. సుడిదోమ మోసుకొచ్చే గ్రాసీ స్టంట్ వైరస్ ఆసియా వరి పొలాలను దెబ్బతీసినప్పుడు, అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వేల నమూనాలను పరీక్షించింది. నిరోధకత దొరికింది ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక నివారా నమూనాలో. ఐఆర్-36 వంటి రకాలకు ఆ బలం అక్కడి నుంచే వచ్చింది. పేరు ఒకటా రెండా అన్నది తేలకపోయినా, ఏ నీటిలో, ఏ ఋతువులో పెరిగిందో రాసి దాచిన గింజే ఎప్పటికైనా పనికొస్తుంది.

డీఎన్‌ఏ పరీక్షలు ఉండగా ఇదంతా ఎందుకని మీరు అడగొచ్చు. డీఎన్‌ఏ చుట్టరికం ఎంత దగ్గరో చెబుతుంది. ఏ కొండను, ఏ గుంటను కాపాడాలో చెప్పాలంటే అక్కడికి వెళ్లి చూసినవాళ్లు కావాలి. అందుకే నా వాదన ఇది: 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు తయారుచేసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో మొక్క పేరుతో ఆగకూడదు. నేల, నీరు, పూత కాలం, ఊరివాళ్లు దాన్ని పోల్చుకునే గుర్తు కూడా నమోదు చేయాలి. వాటిని సరిచూసే వర్గీకరణ శాస్త్రవేత్తల కొలువులు ఖాళీగా ఉంచకూడదు.

మెయిన్స్ జీఎస్-3లో జీవవైవిధ్యం మీద ప్రశ్న వస్తే ఈ కోణం వాడుకోండి. అంతకంటే ముందు ఈ రాత్రే మీ పట్టికలో మరో గడి గీయండి: ఈ మొక్కను దాని దగ్గరి చుట్టం నుంచి ఏది వేరు చేస్తుంది? ఆ గడి నింపలేని పేరు మీకు ఇంకా రానట్టే.