కుమార్తెలు ముగ్గురు

ఈ మధ్య ఏ షష్టిపూర్తికి వెళ్ళినా, ఏ గృహప్రవేశానికి వెళ్ళినా పసుపు కుంకుమ, జాకెట్టుగుడ్డతో పాటు ఒక వంశవృక్షం కూడా చేతిలో పెడుతున్నారు. దళసరి కాగితం మీద రంగుల్లో అచ్చువేయించిన చెట్టు. మొదట్లో ఒక మూలపురుషుడు, కొమ్మలకి కొడుకులు, రెమ్మలకి మనవలు, చిటారున అమెరికాలో ఉన్న మునిమనవలు. సంతోషమే. పెద్దవాళ్ళని తలుచుకోవడం మంచి పని కాదని నేననను. కానీ ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివేవాళ్ళు ఎంతమంది? నేను చదువుతాను. చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది.

మా పుట్టింటివారి చెట్టులో ముత్తాతగారి కింద నలుగురు కొడుకుల పేర్లున్నాయి, వాళ్ళ చదువులూ ఉద్యోగాలతో సహా. పక్కన చిన్న అక్షరాలతో "కుమార్తెలు ముగ్గురు" అని ఉంది. అంతే! చాకలిపద్దులో చీరలు మూడు అని రాసుకున్నట్టు.

ఇదేమిటని అడిగితే చెట్టు తయారుచేసిన మా పెదనాన్నగారి అబ్బాయి, "ఆడపిల్లలు వేరే గోత్రంలోకి వెళ్ళిపోతారు కదమ్మా, వాళ్ళు ఆ చెట్టులోకి వస్తారు" అన్నాడు. ఆ చెట్టు సంగతీ చూశాను. అక్కడ "ఫలానావారి భార్య" అని ఉంటుంది. పుట్టినింట అంకె, మెట్టినింట భార్య. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు, ఫలానావారి భార్యననో ఫలానావారి తల్లిననో తప్ప పేరు చెప్పలేదని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళని ఓటర్ల జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళే. అప్పటి ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు పేరు లేకపోతే కుదరదన్నారు. అంతమందికి ఆ ఏడు ఓటు పోయింది, అది అన్యాయమే అనుకోండి. అయినా ఆడమనిషికి సొంత పేరు ఒకటుండాలని సర్కారువారికి తోచింది. ఇంట్లోవాళ్ళకి ఇప్పటికీ తోచలేదు.

సంప్రదాయం అంటారా? తర్పణాలకి కూర్చున్న మగమహారాజుని పురోహితుడు ఏమడుగుతాడో వినండి. తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో ఆగడు. తల్లి పేరు, నాయనమ్మ పేరు, ఆవిడ అత్తగారి పేరు చెప్పమంటాడు. ఆ తర్వాత మాతామహుడు, మాతామహి అని తల్లివైపు వాళ్ళనీ అడుగుతాడు. అప్పుడు మనవాడు తడిబట్టతో వెనక్కి తిరిగి, "అమ్మమ్మ వాళ్ళ అత్తగారి పేరేమిటే?" అని వంటింట్లోకి కేకేస్తాడు. శాస్త్రం అడుగుతూనే ఉంది. రాసిపెట్టుకోనిది మనవాళ్ళే.

ఆడపిల్లతో వంశం ఆగిపోతుందనేవాళ్ళ చేత అలెక్స్ హేలీ 'రూట్స్' ఒక్కసారి చదివించాలి. 1976లో వచ్చిన ఆ పుస్తకాన్ని సహవాసి గారు 'ఏడు తరాలు' పేరుతో తెలుగు చేస్తే ఎన్ని ఇళ్ళల్లో చదువుకున్నారో! ఆఫ్రికానుంచి ఎత్తుకొచ్చి బానిసగా అమ్మేసిన కుంటా కింటేకి ఒక్కతే కూతురు, కిజ్జీ. కిజ్జీ కొడుకు జార్జి, అతని కొడుకు టామ్, టామ్ కూతురు సింథియా, ఆవిడ కూతురు బెర్తా, బెర్తా కొడుకు హేలీ. మధ్యలో ముగ్గురు ఆడవాళ్ళు! పైగా ఆ కథంతా అతను చిన్నప్పుడు విన్నది అమ్మమ్మ సింథియా దగ్గర, వాకిట్లో కూర్చుని. అందులో చారిత్రకంగా నిలవనివి ఉన్నాయని తర్వాత పరిశోధకులన్నారు. అది వేరే సంగతి. మా అన్నయ్య లెక్కన రాస్తే మాత్రం ఆ చెట్టు కుంటా కింటే దగ్గరే "కుమార్తె ఒకతె" అని ఆగిపోయేది, ఏడు తరాల మాట దేవుడెరుగు.

మగవాళ్ళని అని ఊరుకుంటే సరిపోదు. మనమూ తక్కువ తినలేదు. నాయనమ్మ అనగానే కళ్ళొత్తుకుని, "మహాతల్లి, భూదేవంత ఓర్పు, ఆవిడ ఆవకాయ చెయ్యే చెయ్యి" అని మొదలెడతాం. ఏ ఇంట్లో విన్నా అదే మహాతల్లి, అదే ఆవకాయ. ఒక మనిషి డెబ్బై ఎనభై ఏళ్ళు బతికితే ఇంతేనా మిగిలేది?

మా చెట్టులో తాతగారి పేరు కింద ఘనంగా వేశారు, మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి పొలం దావా గెలిచారని. కోర్టు ఖర్చులకి మా నాయనమ్మ కాసులపేరు అమ్మేశారని వెయ్యలేదు. ఆ మాట ఆవిడే నాతో చెప్పింది, బియ్యం ఏరుతూ. నూటెనిమిది కాసులట, తిరిగి చేయిస్తానన్నారట, చేయించలేదట. గెలిచిన పొలం కొడుకులు పంచుకున్నారు. కూతుళ్ళకి చీరలు పెట్టారు. పెళ్ళికాని ఆడపిల్లలకి పిత్రార్జితంలో వాటా ఇస్తూ మన రాష్ట్రంలో చట్టం వచ్చింది 1986లో. దేశమంతటా కూతుళ్ళకి హక్కు వచ్చేసరికి 2005 అయింది. పొలానికంటే చట్టం కావాలి, సరే. చెట్టులో ఒక గీత గియ్యడానికి కూడా కావాలా?

ఇంకా అమ్మమ్మ సంగతి. ఆవిడ పెళ్ళి యానాంలో జరిగిందని మా ఇంట్లో తీర్థయాత్ర చేసొచ్చినట్టు చెప్పుకునేవారు. యానాంలో ఎందుకమ్మా అంటే ఎవరూ చెప్పరు. పధ్నాలుగేళ్ళు నిండని పిల్లకి పెళ్ళి చెయ్యకూడదన్న శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. యానాం అప్పుడు ఫ్రెంచివాళ్ళది, అక్కడ ఈ చట్టం చెల్లదు. అందుకని చుట్టుపక్కల వాళ్ళు అక్కడికెళ్ళి గుట్టుగా బాల్యవివాహాలు చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చిందే! మా అమ్మమ్మకి అప్పటికి తొమ్మిదేళ్ళు. పడవలో నిద్రపోయానే, తాళి ఎప్పుడు కట్టారో గుర్తులేదు, పులిహోరలో ఉప్పెక్కువైందని మాత్రం జ్ఞాపకం అనేది. ఇది చెబితే వంశానికి అప్రతిష్ఠట! దావా గెలవడం ప్రతిష్ఠా?

కనక ఇంట్లో ఇంకా ఓపిగ్గా మాట్లాడే పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆవకాయ కొలతలు తర్వాత అడగండి. పుట్టింటి ఇంటిపేరు అడగండి. అత్తవారింట్లో పేరు మార్చారేమో అడగండి. ఎంతమందిని కన్నదో, ఎంతమంది దక్కారో, పోయినవాళ్ళని ఏ పేరుతో పిలుచుకునేదో అడగండి. ఏ నగ ఎప్పుడు ఎందుకు అమ్మారో అడగండి. మనవరాలి చేతిలో ఎలాగూ ఫోనుంటుంది, దాన్ని ఆవిడ ముందు పెట్టించండి. మొదటిరోజు "నాదేముందే చెప్పుకోడానికి" అంటుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చోండి, మగవాళ్ళెవరూ ఇంట్లో లేని వేళ చూసుకుని.