అమెరికా తలుపు తెఱచినదెవరు?

విజయనగరమునఁ గాని శ్రీకాకుళమునఁ గాని నేఁడు పెద్దవీధిని నడచినచో, అమెరికా చదువులను గూర్చియు వీసాలను గూర్చియు వ్రాసిన పలకలు కనఁబడక మానవు. పెండ్లిచూపులలో అమెరికా, బ్యాంకు అప్పులలో అమెరికా, దేవుని మ్రొక్కులలో అమెరికా. ఆ దేశమునకుఁ బోవు త్రోవ మనవారిలో వేలమందికిఁ దెలియును. ఆ త్రోవ యెట్లేర్పడెనో, దానికై యెవరి రక్తము చిందెనో తెలిసినవారు మాత్రము మిక్కిలి యరుదు. ఈ యజ్ఞానము నిరపాయమైనది కాదని చెప్పుటయే నా యుద్దేశము.

నేను బడిపంతులను. మొన్న పదవతరగతి పిల్లలను, "అమెరికాను గూర్చి మీకేమి తెలియును?" అని యడిగితిని. జీతములని యొకఁడు, మంచని యొకఁడు చెప్పిరి. మూఁడవవాఁడు లేచి, "అక్కడ నల్లోళ్ల వీధుల్లోకి ఎల్లకూడదంట మాస్టారూ, మా అన్నయ్య చెప్పాడు" అనెను. తరగతి యెల్ల నవ్వెను. ఆ బాలుని నేను దండింపలేదు. ఆ మాట వానిది కాదు, మన యిండ్లలోనిది.

మన తెలివిని, మన కష్టమును జూచి అమెరికా మనకుఁ దలుపు తీసెనని మనవారి నమ్మిక. ఇది నిజమైనచో 1965నకు ముందు తెలుఁగువారికిఁ దెలివి లేకుండవలెను. 1895లో భీమవరమునఁ బుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నొక్కరిని దలఁచుకొందము. బోదకాలు వ్యాధిని నివారించుటకై మన జిల్లాలలో ఆరోగ్యకార్యకర్తలు ఇంటింటికిని దెచ్చి మింగించిన డీఈసీ మాత్ర, ఆయన పరిశోధనాధ్యక్షులుగా నుండిన లెడర్లీ సంస్థనుండి వెలువడినదే. అట్టి మహనీయుఁడు ఆ దేశమునందే యుండి పనిచేయుచుండఁగా, 1946 వఱకును అచ్చటి చట్టము ఆయనకుఁ బౌరసత్వమును నిరాకరించెను. 1948లో ఆయన మరణించిరి. అంతటి ప్రజ్ఞకుఁ దెఱవని తలుపు మన పట్టాలను జూచి తెఱచుకొనెననుట యెట్లు పొసఁగును?

ఆ తలుపునకు గడియ వేసినది వర్ణభేదము. పైదేశములనుండి వచ్చినవారిలోఁ దెల్లవారికే పౌరసత్వ మీయవలెనని 1790నాఁటి చట్టము విధించెను. 1870లో ఆఫ్రికా సంతతివారిని జేర్చిరి, మనలను జేర్చలేదు. 1917లో ఆసియాఖండమందలి యధికభాగమునుండి వలసను నిషేధించిరి. 1923లో భగత్ సింగ్ థింద్ అను పంజాబీవాని వ్యాజ్యెము అచ్చటి సుప్రీంకోర్టునకు వచ్చెను. ఆయన అమెరికా సైన్యమునఁ బనిచేసినవాఁడు. ఆయన పక్షమున జరిగిన వాదమును మనము సిగ్గుతోఁ జదువవలెను. వర్ణభేదము తప్పని వారు వాదింపలేదు. ఇతఁడు ఆర్యుఁడు, అగ్రకులజుఁడు, కావునఁ దెల్లవాఁడే యనిరి. నల్లవారితో వియ్యమునకుఁ దెల్లవాఁ డెట్లు రోయునో, తక్కువవారని తలఁచినవారితో వియ్యమునకు అగ్రకులజుఁడును అట్లే రోయుననిరి. గోడను గూల్చుమని కాక, గోడ కావలిప్రక్కఁ దమకుఁ జోటిమ్మని యడిగిరి. న్యాయస్థానము ఆ యార్యత్వమును లెక్కసేయక కొట్టివేసెను. అంతకుముందే పౌరులైన భారతీయులు పలువురు ఆ హక్కును గోల్పోయిరి.

1946లో మనవారికిఁ బౌరసత్వార్హత వచ్చెను. కాని ప్రవేశము మాత్రము ఏఁటికి నూఱుగురకే. ఆ నూఱు వేలై, లక్షలగుటకు మూలమైనది 1965నాఁటి వలసచట్టము. పుట్టిన దేశమునుబట్టి వంతులు పంచు పద్ధతిని అది తీసివేసెను. అది యాకాశమునుండి యూడిపడలేదు. 1955లో రోజా పార్క్స్ బస్సులోఁ దన చోటు విడువననెను. ఆపై మాంట్‌గమరీ నగరపు నల్లజాతివారు 381 దినములు బస్సులను బహిష్కరించిరి. 1964లో పౌరహక్కుల చట్టము వచ్చెను. 1965 మార్చి 7న సెల్మా వంతెనయొద్ద, ఓటు హక్కునడిగినవారిని పోలీసులు లాఠీలతో మోదిరి. ఆ యేఁటి ఆగస్టులో ఓటుహక్కు చట్టమును, అక్టోబరు 3న వలసచట్టమును అమలునకు వచ్చుటకై సంతకము పొందెను. పుట్టుకనుబట్టి మనుష్యుని గొలుచుట తప్పని తన పౌరుల విషయమున నొప్పుకొన్న దేశము, వచ్చువారి విషయమునఁ గాదనలేకపోయెను.

"ఆ చట్టమునకు వేఱు కారణములు లేవా?" అని విజ్ఞులడుగవచ్చును. కలవు. సోవియట్టులతోడి స్పర్ధ కలదు. ఇటలీ, గ్రీసు మొదలగు దేశములనుండి వచ్చినవారి యొత్తిడి కలదు. అంతేకాదు, ఆసియావా రింతమంది వత్తురని ఆ చట్టమును జేసినవారు తలఁపనేలేదు. దీనివలన నా వాదము బలపడుచున్నదే కాని సన్నగిల్లుట లేదు. మన తెలివిని గోరి యెవరును ఆ తలుపు తీయలేదు. ఇతరులు దెబ్బలు తిని తీయించిన తలుపున మనము నడచిపోయితిమి.

నడచిపోవుట తప్పు కాదు. మూటలో నేమి కట్టుకొనిపోయితిమన్నదే ప్రశ్న. రంగును జూచి చీదరించుకొను చూపును, కులమడుగు నోటిని గట్టుకొనిపోయితిమి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధింపవలసివచ్చెను. దాని నెదిరించినవారిలో మన దేశస్థులును ఉండిరి. అట్టి బిల్లే కాలిఫోర్నియా యుభయసభలలో నెగ్గినను, ఆ యేఁటి అక్టోబరులో గవర్నరు దానిని త్రోసిపుచ్చెను. ఇఁక నిచ్చటనో? 1892లో గురజాడవారి కన్యాశుల్కమును దొలిసారి యాడిన యీ విజయనగరముననే అమెరికా వరునకుఁ బ్రత్యేకముగా ధర పలుకుచున్నది. 1961నాఁటి వరకట్న నిషేధ చట్టము కాగితముమీఁదఁ గలదు. పిల్ల తెల్లగా నుండవలెనను షరతు అదనము. ఆనాఁడు పిల్లకు వెల, నేఁడు పిల్లవానికి వెల. బేరము మాత్రము మానలేదు.

వర్ణభేదమను పాము మనలను గుర్తించి విడిచిపెట్టునని తలఁచువారికి ఒక్క మాట. 2017 ఫిబ్రవరిలో కాన్సాసు రాష్ట్రమందలి ఒలేత పట్టణమున, ఒక తెలుఁగు ఇంజనీరును, మా దేశమునుండి పొమ్మని యఱచుచు ఒక తెల్లవాఁడు కాల్చి చంపెను. వాఁడు గోత్ర మడుగలేదు, పట్టాలను జూపుమనలేదు. థింద్ పక్షమువారు కోరిన యా యావలిప్రక్కను మనకు నమ్మఁదగిన చోటు నాఁడును లేదు, నేఁడును లేదు.

కావున పిల్లలను అమెరికాకుఁ బంపు తల్లిదండ్రులు, టిక్కెట్టు కొనుటకు ముందు, ఆ దేశపు నల్లజాతివారి చరిత్ర నొక్కసారి వారిచేఁ జదివింపవలెను. సామాన్యులకు సుబోధకములైన యట్టి పుస్తకములు తెలుఁగున విరివిగా రావలెను. 1977లో మొదలైన తానా మొదలగు సంఘములు తమ మహాసభల వ్యయములో నొక పాలు దీనికి వినియోగించినచో, తీర్పవలసిన ఋణములో వడ్డియైనఁ దీఱును.

మఱునాఁడు తరగతిలో సెల్మా కథ చెప్పితిని. ఆ పిల్లవాఁడు కొంతసేపూరకుండి, "ఈ సంగతి మా అన్నయ్యకి తెలీదేమో మాస్టారూ" అనెను. "నీవే చెప్పరాదా?" అంటిని. వాఁడు చెప్పెనో లేదో నే నెఱుఁగను. వానికిఁ జెప్పవలసిన పని మాత్రము మనది. దానిని మనమింతవఱకును జేయలేదు.