ఫాంటు రూపం లిపికి ప్రమాణమా?

ఫాంటులో కనిపించే అక్షరరూపాన్నే తెలుగు లిపి పరిశోధనకు ఆధారంగా స్వీకరించడం సమర్థనీయం కాదు. నేటి ఫాంటు దాచుకొనేది అక్షరపు అంచును మాత్రమే. ఒక బిందువు వద్ద మొదలై, సరళరేఖలుగా, వక్రాలుగా సాగి, తిరిగి మొదటికి చేరే దారి అది. 1984 నాటి పోస్ట్‌స్క్రిప్ట్ ఒక్కొక్క వక్రాన్ని నాలుగు బిందువులతో, ఆ తరువాతి ట్రూటైప్ మూడింటితో నిర్వచించాయి. ఈ బెజియర్ వక్రాలతో కచ్చితమైన వృత్తం సాధ్యం కాదు. అయితే ఆ లోపం కంటికి ఆనదు. అభ్యంతరం దానిపై లేదు.

సున్ననే పరిశీలించవచ్చు. చేతికి అది ఒకే చుట్టు. ఫాంటులో అది వెలుపలి అంచు, లోపలి అంచు అనే రెండు మూసిన దారులు. అవి సాధారణంగా ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. నడుమ ఖాళీని నిలపడమే దాని ప్రయోజనం. చెయ్యి ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో వాటి వల్ల తెలియదు.

యంత్రానికి వేరు మార్గం లేదన్న సమాధానం చెల్లదు. కలం నడిచే దారితోనే అక్షరాన్ని నిర్వచించే మెటాఫాంటును డొనాల్డ్ క్నూత్ 1970ల చివరనే రూపొందించాడు.

తాటాకుపై గంటపు నడకతో తెలుగు అక్షరాల గుండ్రదనాన్ని వివరించే పరిశోధకులే, ఆ నడక జాడ లేని రూపాన్ని ప్రమాణంగా ఎంచడం స్వవచో వ్యాఘాతం. ప్రతి అక్షరానికీ గీతల క్రమాన్ని, దిశను, ప్రాంతీయ భేదాలతో సహా నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు శాఖలదే. ఆ పని జరగనంత కాలం లిపి చరిత్ర పేరిట సాగేది ఫాంటుల చరిత్రే అవుతుంది.